బిగుసుకున్న తలుపు

ఏప్రిల్ 2, మంగళవారం

వాన ఈరోజూ ఆగలేదు. పొద్దున్నే పుట్టిన గొర్రెపిల్లలను వసారాలోకి తెచ్చి పాత కోటు కప్పాను. కొట్టంలో పేడ ఎత్తాను. తడిసి జారిపోతోంది, పిడకలకు పనికిరాదు. ఆవుకు గడ్డి వేసి, పొయ్యిలో బొగ్గు వేసి, టీ పెట్టాను. మా ఆయన ఎసెన్ లారీ తీసుకుని బొగ్గుగనికి వెళ్లాడు. మలుపు దగ్గర బురదలో చక్రం కూరుకుపోయిందట, అవతలి వీధి మగవాళ్లు వచ్చి నెట్టారట.

బయటి తలుపు బిగుసుకుంటోంది. భుజంతో నెట్టాల్సి వచ్చింది. తడికి చెక్క ఉబ్బింది.

ఈ పుస్తకాన్ని స్కూల్లో నా బీరువాలోనే ఉంచుతాను. స్కూలు ఏటికి అవతలి గట్టున ఉంది. పిల్లలు ఇళ్లకు పోయాక కాసేపు ఎవరూ రారు. ఇంట్లో రాస్తే మామగారు ఏమీ అడగరు, చూస్తూ కూర్చుంటారు. అత్తగారైతే అడిగేసేది: "ఏం రాస్తున్నావు కోడలా, మా తప్పులేనా?" వాళ్లిద్దరి పేర్లూ నేను పలకను. ఇక్కడా రాయను. మా కోడళ్లెవరూ పలకరు.

అత్తగారు పోయి ఇంకా నెల కాలేదు. నలభయ్యో రోజు ఈ నెలాఖర్లో వస్తుంది.

ఏప్రిల్ 3

వాన. తలుపు ఉబ్బింది, అంతే.

ఏప్రిల్ 4, గురువారం

వాసన పెట్టే రోజు. పెద్ద మూకుడులో నూనె పొగ వచ్చేదాకా కాచి బోర్సోక్ పిండిముక్కలు వేశాను. ఆ వాసన పట్టుకునే పోయినవాళ్లు వస్తారు. గుమ్మం దగ్గర నిలబడి, మనవాళ్లు మరిచిపోలేదని చూసుకుని వెళ్తారు. నలభై రోజులు దీపం ఆరకూడదు, ఇల్లు ఖాళీగా ఉండకూడదు. వాసన ఎక్కడ లేస్తే వీధివాళ్లంతా అక్కడికి రావాలి, ఒక ముక్క అయినా నోట్లో వేసుకోవాలి.

మామగారు ఖురాను చదివారు. పక్కింటి షార్‌బూబూ అక్క పళ్లెం దగ్గరకు జరిగి ఒక ముక్క విరిచి చూసింది.

"ఒసేయ్ టీచరమ్మా, ఇది బోర్సోకా, గులకరాయా? మీ అత్త గుమ్మం దాకా వచ్చి ముక్కు చిట్లించుకుని పోయుంటుంది."

"మంట చాలలేదు అక్కా."

"మంట కాదే, చెయ్యి. ఆవిడైతే పిండిని పిడికిళ్లతో గుద్దేది. మొగుణ్ణి గుద్దలేక."

మామగారు విననట్టే కూర్చున్నారు. గడ్డం మాత్రం కొంచెం కదిలింది. అత్తగారు పోయాక ఆయన నవ్వడం చూడలేదు. అది నవ్వే అనుకుంటాను.

తర్వాత షార్‌బూబూ అక్క తన ఆవు కుంటుతోందని చెప్పింది. ఇళ్ల వెనక కొండమీద మేస్తుంటే కాలు దిగబడిందట. తేనెటీగల సుల్తానాలి చూసి, అక్కడ నేల నోరు తెరిచిందన్నాడట.

"వసంతంలో తెరుస్తుంది, ఎండలకు మూసుకుంటుంది" అన్నారు మామగారు. "మా నాన్న కాలం నుంచీ అంతే."

 షార్‌బూబూ అక్క ఇంకో ముక్క తీసుకుంది.

ఏప్రిల్ 6

తప్పిపోయిన గొర్రెను వెతకడానికని ఇంట్లో చెప్పి పైకి వెళ్లాను. గొర్రె తప్పిపోలేదు.

నేల నోరు చూశాను. సుల్తానాలి ఇంటి మీదినుంచి మొదలై, షార్‌బూబూ అక్క ఇంటి మీదుగా, మా కొట్టం మీద దాకా వంగి వచ్చింది. కొడవలి ఆకారంలో ఉంది. పిడి మా వైపు. మోచెయ్యి దాకా లోపలికి పెట్టాను. చల్లటి గాలి తగిలింది. గడ్డి వేళ్లు రెండు అంచులకూ మధ్య ఇంకా సాగి ఉన్నాయి, లాగిన దారాల్లా. చూస్తుండగానే ఒకటి తెగింది.

గాలికే తెగి ఉండొచ్చు.

మామగారు ఇక్కడే పుట్టారు. ఈ కొండ సంగతి ఆయనకు తెలియనిది కాదు. నేను మైదానం పిల్లను, నాకు కొండ అంటేనే భయం. పెళ్లయిన కొత్తలో రాత్రి ఏటి చప్పుడుకు కూడా లేచి కూర్చునేదాన్ని. అందరూ నవ్వేవారు.

ఏప్రిల్ 9

జిల్లా నుంచి మనిషి వచ్చాడు. కుర్రవాడు. పట్నం బూట్లు, మడమల దాకా బురద. కొండంతా తిరిగి, మేకులు కొట్టి, తాడు కట్టి, మా వాకిట్లోకి వచ్చి కొండ కిందున్న మా పై వీధి వాళ్లందరినీ పిలిచాడు.

"మట్టి రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. కొంచెం తడి ఉంటే ఇంకా గట్టిగా పట్టుకుంటాయి. తడి ఎక్కువైతే వదిలేస్తాయి. ఆ పట్టును మా చదువులో కొహీజన్ అంటారు. మీ కొండలో అది పోతోంది."

"దానికి మందుందా బాబూ?" అంది షార్‌బూబూ అక్క. "నా మోకాళ్లకూ అదే పోయినట్టుంది."

అందరూ నవ్వారు. కుర్రవాడు కూడా నవ్వి, వెంటనే నవ్వు మానేశాడు.

"అవతలి గట్టున స్కూలు గదులున్నాయి. మైదానంలో గుడారాలు వేయిస్తాను. ఈ వారంలో దిగండి. ఎప్పుడు జారుతుందో నేను చెప్పలేను. జారదని మాత్రం చెప్పలేను."

"దిగితే అందరం దిగుతాం" అన్నాడు సుల్తానాలి. "ఒకళ్లు ముందు దిగి, ఒకళ్లు వెనక దిగడం మా దగ్గర లేదు. పూర్వం డేరాలు ఎత్తినా అందరం ఒక్క పొద్దునే ఎత్తేవాళ్లం."

"మంచిదే కదా. అందరూ దిగండి."

అప్పుడు అందరూ మామగారి వైపు చూశారు. ఆయన కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని ఉన్నారు.

"మా ఇంట్లో దీపం వెలుగుతోంది" అన్నారు. "నలభై అయ్యాక చూద్దాం."

ఇక ఎవరూ నోరెత్తలేదు. ఎత్తరు కూడా. కుర్రవాడికి అర్థం కాలేదు. నా వైపు తిరిగాడు. "అక్కా, మీరు చదువుకున్నవారు. మీరైనా చెప్పండి."

మామగారి ముందు నేను ఏం చెప్పాలి? టీ పొయ్యనా అని అడిగాను.

ఏప్రిల్ 10

తొమ్మిదో తరగతికి ఇంగ్లీషు వ్యాకరణం చెప్పాలి. పుస్తకం తియ్యకుండా ఆ కుర్రవాడు అన్న కొహీజన్ మాటే బోర్డు మీద రాశాను. కాలేజీలో ఒకసారి పరీక్షకు చదివాను, తర్వాత ఎక్కడా పనికిరాలేదు. నిఘంటువు తీసి చదివి వినిపించాను. రేణువులు కలిసి ఉండడం. మనుషులు ఒక జట్టుగా ఉండడం. రాసిన వాక్యాలు ఒకదానికొకటి అతుక్కుని ఉండడం. రోజూ వాడుకోవడానికి ఇంత పెద్ద మాట అక్కర్లేదు, అంటుకోవడానికి చిన్న మాట వేరే ఉందని అదీ రాశాను. దానితో వాక్యాలు చెప్పమన్నాను.

"పిండి తందూరు గోడకు అంటుకుంటుంది."

"పల్లేరుకాయ గొర్రె తోకకు అంటుకుంటుంది."

"మా అన్న ఫోనుకు అంటుకుంటాడు."

"మా నాన్న సీసాకు" అని వెనక బెంచీ నుంచి ఎవరో అన్నారు. గోలగోల అయింది.

సుల్తానాలి కూతురు చెయ్యెత్తింది. "పై వీధివాళ్లు కలిసి ఉంటారు" అంది. ఆ పెద్ద మాట పెట్టి, తప్పుల్లేకుండా. మంచి మార్కు వేశాను.

ఆ మాటను బోర్డు మీద రెండుసార్లు తుడవాల్సి వచ్చింది. సుద్ద చలికి గట్టిపడుతుంది.

ఏప్రిల్ 12, శుక్రవారం

కొండకు మొక్కు తీర్చారు. వీధంతా కలిసి గొర్రెను కొని, పైకి తోలుకెళ్లి, నేల నోరు పక్కనే కోశారు. అక్కడే రాళ్లు పెట్టి పెద్ద కాగులో వండారు. ఏటి నుంచి బిందెలతో నీళ్లు మోశాం. కాగు కడిగిన నీళ్లు, పేగులు కడిగిన నీళ్లు, అన్నీ ఆ నోట్లోకే పోశారు. ఎవరో పొయ్యమన్నారని కాదు, అదే దగ్గరగా ఉంది కనుక.

మగవాళ్లు బంకమట్టిలో గడ్డి తొక్కి నోరంతా పూడ్చారు, గోడకు మెత్తినట్టు. ఎసెన్ మోకాళ్ల దాకా తొక్కాడు. చిన్నప్పుడు ఇల్లు కట్టినప్పుడు తొక్కాడట, మళ్లీ ఇప్పుడే.

పిల్లలు ఆ అంచు మీద వరసగా కూర్చుని ఎముకలు చీకుతున్నారు. మా బెర్మెత్ కూడా. మూడో తరగతి పిల్ల, కాళ్లు కిందికి వేలాడేసి ఊపుతోంది.

"ఇటు రా."

"ఎందుకమ్మా? అందరూ ఇక్కడే ఉన్నారుగా."

"రమ్మంటే రా."

"ఒసేయ్, పిల్లను ఉండనీ" అంది షార్‌బూబూ అక్క. "దేవుడి పేరు చెప్పి గొర్రెను తిన్నాం. ఈరోజు ఆయన కూడా సిగ్గుపడతాడు."

నేను దాని చెయ్యి పట్టి లాక్కొచ్చాను. అందరూ చూశారు. మామగారు చూశారు. ఎముక కింద పడేసినందుకు కోప్పడుతున్నట్టు దాన్ని నాలుగు మాటలన్నాను.

ఏప్రిల్ 13

ఎండ. నోరు మూసుకుంది. పైకి వెళ్లి చూసి వచ్చిన ఎసెన్ చెప్పాడు, మెత్తిన మట్టి ఎండుతోందట. ఇక ఏమీ లేదు. ఉత్తపుణ్యానికి భయపడ్డాను.

దుప్పట్లు ఉతికాను.

ఏప్రిల్ 15

మళ్లీ వాన. ఎసెన్ తలుపు ఊడదీసి అంచుకు చిత్రిక పట్టాడు. పొడవాటి చెక్కపొట్టు రాలింది. తిరిగి బిగించాక వేలితో తోసినా తెరుచుకుంది. చూశావా, తడే అన్నాడు.

ఏప్రిల్ 16, మంగళవారం

తలుపు మళ్లీ బిగుసుకుంది. ఈసారి పైమూల.

వంటింటి కిటికీ అద్దం ఎవరూ ముట్టుకోకుండా పగిలింది. మేము టీ తాగుతున్నాం. టప్‌మంది. మామగారు తల తిప్పి చూసి, మళ్లీ గిన్నెలోకి చూసుకున్నారు.

కొట్టం వెనక ఊట నీళ్లు పాల టీ రంగులో వస్తున్నాయి. గొర్రెలు మూతి పెట్టి తీసేస్తున్నాయి.

స్కూలుకు లారీలో దింపుతుంటే ఎసెన్‌తో అన్నాను.

"దిగిపోదాం."

"నాన్నకు నువ్వు చెప్తావా?"

"నేనెలా చెప్తాను? నువ్వు కొడుకువి."

"కొడుకును కాబట్టే చెప్పలేను. ఇంట్లో దీపం పెట్టి, తండ్రి ఇల్లు నిలపాల్సిన చివరి కొడుకును నేను ఇల్లొదిలి పోదామంటే ఆయన ఏమంటాడు? అమ్మ వచ్చి గుమ్మంలో నిలబడితే లోపల ఎవరూ లేరంటే?" స్టీరింగు మీద కొట్టాడు. "అయినా చూడు అనార్, సుల్తానాలి కదిలాడా? షార్‌బూబూ అక్క కదిలిందా? వాళ్లెవరికీ లేని భయం మనకేంటి?"

 వంతెన దాటేటప్పుడు వెనక్కి తిరిగి చూశాను. మా వీధి కరెంటు స్తంభాలన్నీ ఒకే వైపు వంగి ఉన్నాయి. నమస్కారం పెడుతున్నట్టు. ముందు నుంచీ అలాగే ఉన్నాయేమో. నేనెప్పుడూ చూడలేదేమో.

బెర్మెత్‌ను ఈ రాత్రి నుంచి బూట్లు వేసుకునే పడుకోమన్నాను. ఎందుకంది. చలి అన్నాను.

ఏప్రిల్ 17

కాలీచా స్కూలుకు వచ్చింది. సుల్తానాలి భార్య. కూతురికి మంచి మార్కు వేసినందుకు తేనె తెచ్చింది. వెళ్లకుండా తలుపు దగ్గర నిలబడిపోయింది.

"మీ నలభై ఎప్పుడు వదినా, సరిగ్గా?"

చెప్పాను.

"అంతదాకా..." అని ఆగింది. "మేం తేనెపెట్టెలన్నీ గడ్డితో కట్టేశాం. బట్టలు మూట కట్టేశాం. పిల్లలు మూటల మీదే పడుకుంటున్నారు. మా ఇంట్లో గోడకూ కప్పుకూ మధ్య చెయ్యి దూరుతోంది."

"మరి ఎందుకు దిగలేదు?"

నన్ను వింతగా చూసింది. "మీ ఇంట్లో చావు జరిగి నలభై కాకముందే మేం సామాను ఎత్తుతామా? అంత మర్యాద తెలియనివాళ్లమా? మీ మామయ్య మా పెళ్లికి గుర్రమిచ్చాడు. మీరు కదిలితే మేం ఆ గంటలోనే కదులుతాం."

"షార్‌బూబూ అక్క?"

"ఆవిడా అంతే. పైకి జోకులేస్తోంది గానీ ఆవును రోజూ రాత్రి మా ఇంటికి దిగువన కట్టేస్తోంది. తను మాత్రం ఇంట్లోనే పడుకుంటోంది, మీ వాకిలి కనబడుతుందని."

ఆమె వెళ్లాక కుర్చీలో కూర్చున్నాను. వాళ్లు కదలలేదని మేము. మేము కదలలేదని వాళ్లు. మామగారు అత్తగారి కోసం.

మామగారితో చెప్పలేను. పదకొండేళ్లలో ఆయన ముందు నేను కాదు అన్న మాట అనలేదు. తల గుడ్డ సర్దుకోకుండా ఎదురుపడలేదు. ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు కూడా. అందుకే ఇంకా భయం.

రేపు గురువారం.

ఏప్రిల్ 18, గురువారం

ఇది గుడారంలో కూర్చుని రాస్తున్నాను. చేతులకు ఇంకా నూనె ఉంది.

పొద్దున మామగారు గొర్రెలను తోలుకుని ఏటి దిగువకు వెళ్లారు. ఎసెన్ గనికి వెళ్లాడు. స్కూలుకు కబురు పెట్టి మానేశాను. పిండి కలిపాను. పిడికిళ్లతో గుద్దాను. గుద్దుతూ ఆమెతో మాట్లాడాను. అత్తయ్యా, తిట్టాలనుకుంటే నన్ను తిట్టు, మీ ఆయన్ను మాత్రం అక్కడ వెతక్కు. గట్టిగా అనలేదు. లోపలే.

మూకుడు, నూనె డబ్బా, ఆమె పరుపు మీది బొంత, దీపం. దీపం ఆరకుండా లాంతరు గాజులో పెట్టాను. తలుపు తీయడానికి రెండు భుజాలతో నెట్టాల్సి వచ్చింది. వేయడానికి రాలేదు. తెరిచే వదిలేశాను.

షార్‌బూబూ అక్క వాకిట్లో ఆవుకు నీళ్లు పెడుతోంది. నన్ను చూసింది. దీపం చూసింది.

"ఎక్కడికే?"

"అవతలికి. వాసన అక్కడ పెడతాను."

బకెట్ కింద పెట్టేసింది. ఆమె మొహంలో రంగు పోయింది. అంతవరకూ ఆమె కొండకు భయపడిందో లేదో నాకు తెలియదు, దీనికి మాత్రం భయపడింది.

"మీ మామ నిన్ను ఇంట్లోంచి గెంటేస్తాడే."

"ఏ ఇంట్లోంచి అక్కా?"

కాసేపు కొండ వైపు చూసింది. తర్వాత లోపలికి వెళ్లి గాడిదను తెచ్చింది. "ఆ మూకుడు ఇలా ఇవ్వు. గాడిద మీద కట్టడం కూడా రాదు నీకు. ఇంగ్లీషు వస్తుంది."

స్కూలు మైదానంలో, గుడారాల ముందు రాళ్లు పెట్టి పొయ్యి వెలిగించాను. నూనె పొగ వచ్చేదాకా కాచాను. గాలి ఏటి మీదుగా పై వీధి వైపు కొట్టింది. మొదటి వాయి వేసినప్పుడు బెర్మెత్ అడిగింది, నానమ్మకు దారి తెలుస్తుందా అని. వంతెన తెలియనిదా అన్నాను.

ముందు కాలీచా వచ్చింది, పిల్లలతో, మూటలతో. తర్వాత సుల్తానాలి బండి మీద తేనెపెట్టెలు. "వాసన ఇక్కడ లేచింది" అన్నాడు ఎవరో అడిగినట్టు. "వాసన ఇక్కడ ఉంటే చావిల్లు ఇక్కడే. రాకపోతే తప్పు." మిగతా ఇళ్లవాళ్లు కూడా ఒకరి వెనక ఒకరు. ఎవరూ కొండ మాట ఎత్తలేదు. అందరూ బొంతలూ గిన్నెలూ తెచ్చారు, ఒక్కపూట భోజనానికి వచ్చినవాళ్లు తెచ్చేవి కావు అవి.

మామగారు మధ్యాహ్నం వచ్చారు. వంతెన మీద కర్ర చప్పుడు ముందు విన్నాను. అందరూ లేచి నిలబడ్డారు. నేను పొయ్యి దగ్గర మోకాళ్ల మీద ఉన్నాను. 

"ఇంటికి వెళ్లాను" అన్నారు. "తలుపు తెరిచి ఉంది. దీపం లేదు. ఎవరు తీశారు?"

"నేనే మామయ్యా."

"ఇంట్లో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు."

"నిన్నెవరు అడిగారు?"

 నూనెలో ముక్కలు నల్లబడుతున్నాయి, తీయడానికి చెయ్యి కదలలేదు. ఆయన వంగి లాంతరు పిడి పట్టుకున్నారు, తీసుకెళ్లిపోవడానికి.

"వాసన లేచింది కదా" అంది షార్‌బూబూ అక్క. గొంతు మామూలుగా లేదు. "ఆవిడ వచ్చేసి ఉంటుంది. ఖురాను చదవకుండా దీపం ఎత్తుకుపోతే ఆకలితో నిలబడి ఉంటుంది పాపం. ముందు చదువు అన్నా. తిట్టడం ఎక్కడికి పోతుంది, తర్వాత తిట్టు. కావాలంటే నన్ను కూడా తిట్టు, గాడిద నాదే."

  ఆయన లాంతరు వదిలి, అత్తగారి బొంత మీద కూర్చుని, కళ్లు మూసుకుని చదివారు. ఎప్పటికంటే ఎక్కువసేపు చదివారు. అందరం చేతులు మొహానికి రాసుకున్నాం. ఆయన ఒక ముక్క విరిచి నోట్లో పెట్టుకున్నారు.

నల్లబడిన ముక్క అది.

తర్వాత సుల్తానాలితో అన్నారు, నాతో కాదు. "వాసన పెట్టిన చోటు నుంచి మళ్లీ గురువారం దాకా దీపాన్ని కదపకూడదు."

"కదపకూడదు" అన్నాడు సుల్తానాలి.

"అయితే ఇక్కడే."

ఏప్రిల్ 19

ఎసెన్ లారీతో పొద్దుటి నుంచీ సామాను దింపుతున్నాడు. వీధి మొత్తానికీ ఒకటే లారీ. అతను పైకి వెళ్లిన ప్రతిసారీ నేను వంతెన దగ్గర నిలబడతాను. కిందికి వచ్చేదాకా అక్కణ్ణుంచి కదలను. అతను వచ్చి, ఇంకొక్క తిరుగుడు అంటాడు. ఇంకొకటి. కాలీచా వాళ్ల అల్మరా. ఎవరిదో కుట్టు మిషను. మా కర్టెన్లు కూడా తెచ్చాడు. కర్టెన్లు ఎవరడిగారు అని అరిచాను. జనం ముందు అతని మీద ఎప్పుడూ అరవలేదు.

నాతో అతను సరిగ్గా మాట్లాడలేదు నిన్నటి నుంచి. ఈరోజు ఆ అరుపుకు మాత్రం నవ్వాడు. "గుడారానికి కిటికీ ఉంటే కడదామని."

మామగారు నా చేతి టీ తీసుకోలేదు. బెర్మెత్ ఇస్తే తాగారు.

ఏప్రిల్ 20

వాన. మామగారు మిగిలిన గొర్రెలకోసం పైకి వెళ్లారు, ఒంటరిగా. ఎసెన్ వస్తానంటే వద్దన్నారు. ఏటి దాకా వెనకే వెళ్లాను. వంతెన దాటలేదు. తొందరగా తిరిగి రమ్మని చెప్పే హక్కు నాకు లేదు.

ఆయన గొర్రెలతో దిగి వచ్చారు. నన్ను దాటుకుని పోతూ, ఎవరితోనో అన్నట్టు, "కొట్టం గోడ పడిపోయింది" అన్నారు.

ఏప్రిల్ 21, ఆదివారం

కొండ జారింది. పొద్దున, పిల్లలు పళ్లు తోముకుంటుంటే.

లారీ బొగ్గు దింపినట్టు చప్పుడైంది, కానీ అది ఆగలేదు. పై వీధి నెమ్మదిగా కదిలింది. సుల్తానాలి ఇల్లు ముందు కూర్చుంది, తర్వాత కనబడలేదు. మా ఇంటి కప్పు కాసేపు మట్టి మీద తేలుతూ వచ్చింది, వాలింది. ఏరు బురదతో నిండి పక్కకు తిరిగింది. దుమ్ము లేదు, అంతా తడి.

పైన మనుషులు లేరు. అందరినీ పేరు పేరునా పిలిచాను, గుడారం గుడారానికీ తిరిగి, స్కూల్లో హాజరు పిలిచినట్టు. అందరూ పలికారు. మళ్లీ పిలిచాను. షార్‌బూబూ అక్క, చాలు తల్లీ, గొంతు పోతుంది, అంది. ఆమె ఏడుస్తోంది. కోళ్లు పైనే ఉండిపోయాయట.

మామగారు ఏటి గట్టున నిలబడి అటే చూస్తున్నారు. ఎసెన్ వెళ్లి పక్కన నిలబడ్డాడు. 

నాకు ఇప్పుడు భయం ఎక్కువైంది. ఎందుకో తెలియదు. అయిపోయింది కదా. రాయలేకపోతున్నాను.

ఏప్రిల్ 22

వాన లేదు.

ఏప్రిల్ 27, శనివారం

అత్తగారి నలభై. స్కూలు మైదానంలోనే. పెద్ద బావగారు పట్నం నుంచి విందుకు కోయడానికి గుర్రాన్ని కొని తెచ్చారు. అవతలి వీధివాళ్లూ, పక్క ఊళ్లవాళ్లూ వచ్చారు. జిల్లా కుర్రవాడు కూడా వచ్చి, వెనక కూర్చుని తిని వెళ్లాడు. ఆడవాళ్లు కాగుల దగ్గర నన్ను పొగిడారు, అనార్ బుద్ధిమంతురాలు, అనార్ లేకపోతే మనం లేము. మామగారు వినిపించేంత దూరంలో ఉన్నారు. వాళ్లను ఆపమని చెప్పాను. ఆపలేదు.

తర్వాత విన్నాను, పెద్ద బావగారితో ఆయన అన్నది. "ప్రాణాలు మిగిలాయి, కాదనను. కానీ నా దీపాన్ని నన్ను అడక్కుండా ఎత్తింది. నేను ఆ పొయ్యి దగ్గర కూర్చోలేను."

పెద్ద బావగారు ఏదో సర్దిచెప్పబోయారు.

"నేను దిగేవాణ్ణే" అన్నారు మామగారు. "నలభై కాగానే దిగేవాణ్ణే."

గిన్నెలు కడగడానికి వెళ్లిపోయాను. చాలా గిన్నెలున్నాయి.

మే 3, శుక్రవారం

ఇళ్లు కట్టుకోవడానికి స్థలం జిల్లాలో మూడు చోట్ల ఇస్తారట, ఒక్కచోట అందరికీ చాలదట. ఎండ బాగుంది. పొద్దున మా గుడారం చుట్టూ కాలువ తీశాం, మళ్లీ వాన వస్తే నీళ్లు పోవడానికి.

షార్‌బూబూ అక్క సోమవారం వెళ్లింది, ఓజ్‌గాన్‌లో కూతురింటికి. ఆవును ఎసెన్ లారీలో ఎక్కించాడు. సుల్తానాలి, కాలీచా, పిల్లలు బుధవారం సాయంత్రం, తేనెటీగలు పెట్టెల్లోకి చేరాక వెళ్లారు. మిగతా రెండిళ్లవాళ్లు నిన్న. మామగారు ఈరోజు మధ్యాహ్నం నమాజు అయ్యాక పట్నంలో ఉండడానికి వెళ్లారు, పెద్ద బావగారి కారులో.